పాత టేబుల్ సా కొనేవారికి హెచ్చరిక: పైన కొత్త రంగు, అడుగున పగిలిన బీడు

పాత చెక్కపని మిషన్ల ప్రకటనలు చూసేవారికి ఈ వ్యాపారి ఎవరో నేను విడిగా చెప్పనవసరం లేదు. నగర శివార్లలో షెడ్డు, ప్రతి ఫొటోలోనూ అదే నీలం టార్పాలిన్, ప్రతి మిషనూ "మూతబడిన ఫర్నిచర్ యూనిట్‌ది, పెద్దగా వాడనిది". ఆయన దగ్గరే 42,000 రూపాయలు పోసి, 10 అంగుళాల బ్లేడు పట్టే, బీడు (పోత ఇనుము) బల్ల ఉన్న టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే మిషన్, తెచ్చుకున్నాను. బల్ల మీద తుప్పు లేదు, మోటారు చప్పుడులో తేడా లేదు, నా ఎదుటే 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును చకచకా కోసి చూపించాడు. అంత పల్చటి ప్లైవుడ్డును ఎంత దిక్కుమాలిన మిషనైనా కోస్తుందని అప్పుడు తట్టలేదు. అంతటి మేధావిని కనుకనే ట్రాలీ ఆటో కిరాయి కూడా నేనే ఇచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చి 2 అంగుళాల మందమున్న టేకు పలకను నిలువుగా కోయబోతే అసలు సంగతి బయటపడింది. కోత సగం దాటేసరికి చెక్క బిగుసుకుపోయి, మాడు వాసన వచ్చి, గైడు (చెక్కను ఆనించి నెట్టే పట్టీ) వైపు అంచు నల్లగా కాలింది. బ్లేడు వెనుక భాగం గైడు వైపు ఒరిగి ఉంటే చెక్క ఆ రెంటి మధ్యా నలిగి ఇలాగే కాలుతుంది. ఇది కోత అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. వెనుక నుంచి పైకి లేచే పళ్ళు చెక్కను పట్టుకున్నాయంటే దాన్ని ఎత్తి, ఎదుట నిలబడినవాడి మీదికే విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని పళ్ళ వేగం గంటకు 190 కిలోమీటర్లు.

ప్లగ్గు తీసేసి, ఒక పంటికి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, బల్ల మీద బ్లేడుకు సమాంతరంగా ఉండాల్సిన గాడి నుంచి దాని దూరాన్ని ముందువైపు ఒకసారి, బ్లేడును చేత్తో తిప్పి అదే పన్ను వెనుకకు వచ్చాక మరోసారి కొలిచాను. 0.1 మిల్లీమీటరుకు మించి తేడా ఉండకూడని చోట మిల్లీమీటరున్నర తేడా కనిపించింది. పాత మిషన్లలో ఇది ఉండేదేనని సరిపెట్టుకుని, బ్లేడును మోసే బీడు దిమ్మను బల్లకు పట్టి ఉంచే బోల్టులను వదులు చేసి, చెక్కసుత్తితో మెల్లగా తడుతూ కొలత సరిచేశాను. వెనుక కుడివైపు బోల్టు బిగించగానే కొలత మళ్ళీ జరిగిపోయింది. ఎంత జాగ్రత్తగా బిగించినా అంతే.

చివరికి మిషన్‌ను పక్కకు ఒరిగించి టార్చి వేసి చూస్తే, ఆ బోల్టు దూరే చెవి మీద ఉన్న బూడిదరంగు మిగతా దిమ్మ మీది రంగు కంటే కాస్త మెరుస్తోంది. ఉలి మూలతో గీకాను. రాలింది బీడు కాదు, పగుళ్ళు పూడ్చే ఎం-సీల్ ముద్ద పొడి. అదంతా తీసేసరికి చెవి మొదట్లో ఒక అంచు నుంచి రెండో అంచు దాకా గోరు దిగేంత పగులు కనిపించింది; దాని లోపల గ్రీజూ రంపపు పొట్టూ కలిసి నల్లగా గట్టిపడి ఉన్నాయి. నిన్నో మొన్నో పగిలింది కాదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఫొటోలు పంపి ఫోన్ చేశాను. అమ్మేటప్పుడు "అన్నా, మీరు కాబట్టి ఈ రేటుకు ఇస్తున్నా" అన్న మనిషి, "చూడండి సార్, సెకండ్ హ్యాండ్ అంటే సెకండ్ హ్యాండే. సుత్తితో కొట్టానని మీరే చెప్తున్నారు, పగిలితే నాదా పూచీ?" అన్నాడు. అంటే నా చెక్కసుత్తి దెబ్బకు బీడు పగిలి, అందులోకి ఎం-సీల్ దానంతటదే ఎక్కి, ఆరి, పైన రంగు కూడా పూసుకుందన్నమాట! ఆ మాటే అడిగితే, ఫోను ఇంకా పెట్టేయకుండానే పక్కనున్న ఎవరితోనో "పని రానోళ్ళకు అమ్మితే ఇదే గొడవ" అని నవ్వాడు. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. పగులు ఉందని ముందే చెప్పి ధర తగ్గించి ఉంటే, బాగు చేయించుకోవచ్చులే అని బహుశా నేనే కొనేవాడిని. దాచిపెట్టి రంగు వేసి, తిరిగే బ్లేడు ముందు నన్ను నిలబెట్టినవాడు ఇప్పుడు నా నంబరును బ్లాక్ చేసి కూర్చున్నాడు.

బాలానగర్‌లో వెల్డింగు మేస్త్రీకి చూపిస్తే, నికెల్ రాడ్డుతో అతకవచ్చు గానీ బీడు వేడికి వంకర తిరుగుతుందనీ, బల్లకు ఆనే ముఖాన్ని మళ్ళీ మిల్లింగ్‌తో చదును చేయించాల్సి వస్తుందనీ, అయినా పూచీ ఇవ్వలేననీ ముఖం మీదే చెప్పాడు. అమ్మినవాడికి లేని నిజాయితీ ఈయన దగ్గర ఉచితంగా దొరికింది.

కొనబోయేవారు డబ్బు చేతికివ్వక ముందే అడుగున టార్చి వేసి చూడండి, ఒకేచోట కొత్తగా కనిపించే రంగును గీకి చూడనివ్వమని అడగండి, వద్దంటే వెనక్కి వచ్చేయండి. బ్లేడుకూ గాడికీ మధ్య దూరం అక్కడే కొలవండి, మందమైన గట్టి చెక్క మీరే తీసుకెళ్ళి కోయించండి. ఇలాంటి దిమ్మ విడిగా అమ్మేవారు గానీ, కొత్తగా పోత పోసి ఇచ్చేవారు గానీ మీకు తెలిస్తే చెప్పండి. అంతవరకు ఆ మిషన్ ప్లగ్గు పెట్టేది లేదు.