న్యూయార్క్‌లో మన తిండి: పింగాణీ ప్లేటా, మట్టికుండా, గుడి కాంటీనా?

ఇండియా నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా రెండో రోజుకల్లా అడిగేది ఒకటే. "న్యూయార్క్‌లో మన వంటకి అంత పేరొచ్చిందటగా, ఒకసారి తీసుకెళ్లవూ?" మేముండేది న్యూయార్క్‌కి హడ్సన్ నది అవతలి ఒడ్డున జెర్సీ సిటీలో. పాత్ రైలెక్కితే మన్‌హాటన్ ఎంతో దూరం కాదు. ఎక్కడికి తీసుకెళ్లాలన్నదే చిక్కు. 'మోడర్న్ ఇండియన్' అనే ఒక్క పేరు కింద ఇక్కడ రెండు రకాల వంట నడుస్తోంది. మూడోది ఏ పేరూ పెట్టుకోకుండా గుడి కింద నడుస్తోంది.

మొదటి రకం పాతికేళ్ల పైమాట. 1998లో మాడిసన్ స్క్వేర్ పార్క్ దగ్గర టాబ్లా అనే రెస్టారెంట్ తెరిచారు. అప్పటిదాకా ఇండియన్ భోజనమంటే ఎక్కువగా లెక్సింగ్టన్ అవెన్యూలోనో, ఈస్ట్ సిక్స్త్ స్ట్రీట్‌లోనో చవగ్గా దొరికే కూరా, నానూ. బొంబాయిలో పుట్టిన షెఫ్ ఫ్లాయిడ్ కార్డోజ్ ఇక్కడి చేపలకీ కూరగాయలకీ మన దినుసులు పట్టించి, వాటిని ఖరీదైన టేబుళ్ల మీద నిలబెట్టారు. టాబ్లా 2010 చివర మూతపడింది. ఆయన 2020 మార్చిలో కోవిడ్‌తో పోయారు. ఆయన లేకపోతే తర్వాతి వాళ్లకి ఆ తలుపు అంత సులువుగా తెరుచుకునేది కాదని నా నమ్మకం. 2016లో ఢిల్లీ నుంచి ఇండియన్ యాక్సెంట్ అనే రెస్టారెంట్ కూడా వచ్చింది. అరచేతిలో పట్టేంత నాన్‌లో బ్లూ చీజ్ పెట్టి ఇస్తారు. చేతిపనికి వంక పెట్టలేం. కానీ అలాంటి చోట తిన్నప్పుడు నాకు రుచి కంటే ముందు తెలివి కనిపిస్తుంది. చెయ్యి పెట్టి కలుపుకోబుద్ధి కాదు.

రెండో రకం దీనికి ఎదురు తిరిగి పుట్టింది. రెస్టారెంట్లు నడిపే రోనీ మజుందార్, షెఫ్ చింతన్ పాండ్య కలిసి 2018లో క్వీన్స్‌లో అడ్డా, 2021లో మన్‌హాటన్‌లోని ఎసెక్స్ మార్కెట్‌లో ధమాకా తెరిచారు. వాళ్ల సంస్థ పేరు అనపాలజెటిక్ ఫుడ్స్. మా వంట ఇంతే, దీనికి సంజాయిషీ చెప్పుకోం అని ఆ పేరులోనే ఉంది. ధమాకాలో బీహార్ వంట చంపారన్ మటన్ మట్టికుండలోనే వస్తుంది. అందులో వెల్లుల్లి గడ్డ గడ్డలాగే ఉంటుంది. రెబ్బను రెండు వేళ్లతో నొక్కితే గుజ్జు వెన్నలా జారి ముక్క మీద పడుతుంది. ఆవకాయ జాడీ అడుగున ఊరిన రెబ్బని వెతుక్కుని తినే మనకి ఆ రుచి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

అదే ఏడాది వాళ్లే గ్రీనిచ్ విలేజ్‌లో సెమ్మా తెరిచారు. షెఫ్ విజయ్ కుమార్‌ది తమిళనాడులో దిండిగల్ వైపు పల్లె. చిన్నప్పుడు పొలాల్లో ఏరుకొచ్చి ఇంట్లో వండుకున్న నత్తలనే ఆయన మెనూలో పెట్టారు. 2022లో సెమ్మాకి మిషెలిన్ స్టార్ వచ్చింది, రెస్టారెంట్లకి అది ప్రపంచమంతా విలువిచ్చే గుర్తింపు. 2025లో న్యూయార్క్ టైమ్స్ వేసిన నగరంలోని వంద ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానం, అదే ఏడాది ఆయనకి అమెరికాలో వంటవాళ్లకిచ్చే పెద్ద బహుమతి జేమ్స్ బియర్డ్ అవార్డు. ఊళ్లో నలుగురి ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడే కూరతో ఇంత దూరం రావడం నాకు చాలా పెద్ద విషయం.

పోయిన వేసవిలో అమ్మానాన్నలని అక్కడికి తీసుకెళ్లాను. నత్తల కూర వచ్చింది, పక్కన మెత్తటి కల్ దోసెలు. అమ్మ ముట్టుకోలేదు. మా గోదావరి పల్లెల్లోనూ నత్తలు తినేవాళ్లున్నారు. కూలినాలి చేసుకునేవాళ్లు చేలగట్ల మీద ఏరుకునేవాళ్లు, మా ఇళ్లల్లో వాళ్లని చిన్నచూపు చూసేవాళ్లు. నాన్న దోసె తుంచి, నత్త ముక్కని మసాలాతో సహా చుట్టి నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "చిన్నప్పుడు మా పాలేరు వాళ్లింట్లో ఒకసారి తిన్నాన్రా. మీ నాయనమ్మకి తెలిస్తే ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు." అమ్మ ఆయన వంక అలాగే చూసింది. ఆ తర్వాత తనూ ఒక ముక్క తీసుకుంది.

ఇక మూడోది, క్వీన్స్‌లో ఫ్లషింగ్‌లోని గణేశ గుడి కాంటీన్. గుడి ప్రతిష్ఠ 1977లో జరిగింది. కాంటీన్ బేస్‌మెంట్‌లో ఉంటుంది. నంబర్ పిలిస్తే వెళ్లి ట్రే తెచ్చుకోవాలి, కూర్చునే చోటు మనమే చూసుకోవాలి. మా ఇంటి నుంచి రెండు రైళ్లు మారి, చివర కొంత నడవాలి, గంటన్నర పైనే. అయినా సెమ్మాలో ఒక దోసెకయ్యే డబ్బుతో ఇక్కడ దాదాపు ఇద్దరు తినొచ్చు. సెమ్మా గన్‌పౌడర్ దోసె కారప్పొడి, నెయ్యి, బంగాళాదుంప కూరతో త్రికోణంగా మడిచి చక్కగా వస్తుంది, నాకూ ఇష్టమే. కానీ పెద్దవాళ్లుంటే, శాకాహారులైతే, ఇంటి మీద బెంగ పట్టుకున్న పిల్లాడెవడైనా ఉంటే, నేను గుడికే తీసుకెళ్తాను.

మరి ఏది మేలంటే, మన్‌హాటన్‌లో ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్లకి రెండో రకమే చెప్తాను. మోడర్న్ అన్న మాటకి అసలైన అర్థం నాకు అక్కడే దొరికింది. ఎముక తీసెయ్యలేదు, కారం తగ్గించలేదు, వండినవాడి ఊరి పేరు దాచలేదు. మొదటి రకానికి వెళ్లొద్దనను. పెళ్లిరోజుకో, ఇండియన్ తిండంటే భయపడే ఆఫీసు ఫ్రెండ్‌ని మొదటిసారి పిలిచినప్పుడో అది సరిగ్గా సరిపోతుంది.

ఒక్క కొరత మాత్రం నన్ను వదలదు. ఇన్ని వేలమంది తెలుగువాళ్లం హడ్సన్‌కి ఇటువైపే ఉన్నాం. ఉలవచారు, చింతచిగురు మాంసం, రాగి సంగటి అదే ధైర్యంతో మన్‌హాటన్‌లో వడ్డించిన చోట ఇప్పటిదాకా నేను భోంచెయ్యలేదు. ఎవరైనా తెరిస్తే మొదటి వారంలోనే వెళ్లి కూర్చుంటాను.

ఈ నెలాఖరుకి అన్నయ్యా వదినా వస్తున్నారు. సెమ్మాలో టేబుల్ కోసం రోజూ పొద్దున్నే ఫోన్‌లో చూస్తున్నాను. దొరక్కపోతే ధమాకా. ఆదివారం పొద్దున మాత్రం ఫ్లషింగే.