భోపాల్‌లో గోండు బొమ్మలు: మా రెండ్రోజుల ట్రిప్పు

ముందే చెప్తున్నా, సోమవారం భోపాల్ ప్లాన్ పెట్టుకోకండి. ట్రైబల్ మ్యూజియం, మానవ్ సంగ్రహాలయ (ఆరుబయట మ్యూజియం), భారత్ భవన్ (కళల కేంద్రం) మూడూ సెలవే, చూసుకోకుండా వెళ్లింది నేనే కాబట్టి మా ఆవిడ దారంతా సాధించింది. సరేలే అని ఆ రోజు సాంచి చూసొచ్చాం, అది బానే ఉంది. దండగైంది హోటలే. స్టేషన్ దగ్గర చవకని తీసుకుంటే ఫొటోలో రూము వేరు, ఇచ్చింది వేరు, వేణ్నీళ్లు అడిగితే బకెట్ పంపిస్తా అన్నాడు, ఇప్పటికీ రాలేదు. ఇంకో ఐదొందలు పోయినా న్యూ మార్కెట్ వైపు ఉండండి.

మంగళవారం పోహా, జిలేబీ లాగించి ట్రైబల్ మ్యూజియంకి పోయాం. 2013లో తెరిచారు. అద్దాల వెనక పాత సామాన్లుంటాయి అనుకున్నా గానీ గోండు, భిల్లు, బైగా వాళ్ల ఇళ్లు నిజం ఇళ్లలాగే కట్టి పెట్టారు, లోపలికెళ్లి తిరగొచ్చు.

నాకైతే అక్కడ బాగా నచ్చింది బొమ్మల (పెయింటింగుల) గది. నెలకో గిరిజన ఆర్టిస్టు బొమ్మలు పెట్టి అమ్ముతారు. ఆ రోజు పాటన్‌గఢ్ అనే ఊరి గోండు కుర్రాడొకడున్నాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో. వాడి బొమ్మలో జింక కొమ్ములు పెరిగి పెరిగి చెట్టయిపోయాయి, దూరం నుంచి రంగు పూసినట్టుంది, దగ్గరికెళ్తే లోపలంతా సన్నటి గీతలు, నాగటి చాళ్లలాగా. ఇదే నా సంతకం అన్నాడు. చుక్కలు, చేప పొలుసులు, నెలవంకలు, ఇలా ఒక్కొక్కళ్లది ఒక్కో నింపుడట, అది చూసి బొమ్మ ఎవరిదో చెప్పేస్తారట.

ఈ తరహా బొమ్మలు మొదలెట్టిన పర్ధాన్ గోండు ఆర్టిస్టు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌దీ అదే ఊరు, 80ల్లో భారత్ భవన్‌కొచ్చి పేరు తెచ్చుకున్నాడు, 2001లో జపాన్‌లో పోయాడు పాపం. అంతకుముందు పర్ధాన్లంటే బానా అనే తీగల వాయిద్యం వాయిస్తూ గోండుల కథలు పాడేవాళ్లు, మన ఆదిలాబాద్ పర్ధాన్లు కిక్రీ అనే తీగల వాయిద్యంతో పాడినట్టే. తాత పాడిందే నేను గీస్తున్నా అన్నాడు కుర్రాడు, కానీ పక్క బొమ్మలో చెట్టు మీద సెల్ టవర్ ఉంది, దానికీ చాళ్లే! అదే కొన్నా, చిన్నది, పదిహేను వందలు. బేరం ఆడబుద్ధి కాలేదు.

మానవ్ సంగ్రహాలయ 200 ఎకరాలు, మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు, మేం సగంలోనే తిరిగొచ్చేశాం. ఒక్కరోజే ఉంటే ట్రైబల్ మ్యూజియం చాలు. పాటన్‌గఢ్ దిండోరి జిల్లాలో ఉంది, భోపాల్ నుంచి చాలా దూరం, ఈసారి జబల్‌పూర్‌లో దిగి పోవాలి.