టెక్సస్‌లో బార్బెక్యూ, బర్గర్లు: బీఫ్ తినని ఇంటివాళ్ళం ఎక్కడ ఏం తిన్నాం

టెక్సస్ బార్బెక్యూ అనగానే మనవాళ్ళలో చాలామంది "అదంతా బీఫ్ కదండీ, మనకెందుకు" అని అక్కడితో వదిలేస్తారు. మేం ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని ఆస్టిన్, లాక్‌హార్ట్ తిరిగొచ్చాం, ఆ తిరుగుడు తర్వాత గట్టిగా చెప్తున్నా, బీఫ్ ముట్టకపోయినా ఈ బార్బెక్యూ కొట్లలో తృప్తిగా తినొచ్చు, కాకపోతే ఏది అడగాలో ఏది వదిలెయ్యాలో ముందే తెలిసుండాలి. మా ఇంట్లో బీఫ్ ఎవరం తినం, నాన్నకి కోడి, మేక, పంది పర్లేదు, అమ్మ పూర్తి శాకాహారి, పిల్లలకి బర్గర్ కనిపిస్తే చాలు. కారులో ఇలాంటి వాళ్ళు ఉంటే ఎక్కడ ఆగాలా అని కొట్టుకుంటాం కదా, అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

ముందు టర్కీ గురించి చెప్పాలి. థాంక్స్‌గివింగ్ రోజు ఆఫీసులో పెట్టే ఎండిపోయిన టర్కీ తిని ఆ పక్షి మీద విరక్తి పుట్టినవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళు ఒక్కసారి ఇక్కడి స్మోక్డ్ టర్కీ బ్రెస్ట్, అంటే పొగలో వండిన రొమ్ము ముక్క, తిని చూడాలి. ఆస్టిన్‌లో బార్టన్ స్ప్రింగ్స్ రోడ్డు మీద టెర్రీ బ్లాక్స్ అని బార్బెక్యూ కొట్టు ఉంది, లైన్లో ముందు సైడ్స్, అంటే మాంసం పక్కన పెట్టుకునే వంటకాలు వస్తాయి, అవి ట్రేలో పెట్టుకుంటూ వెళ్తే చివర్లో మాంసం కోసే కౌంటర్. చేతులకి గ్లోవ్స్ వేసుకున్న కుర్రాడు మన కళ్ళముందే టర్కీ ముక్క తీసి చెక్క మీద పెట్టి పొడుగు కత్తితో కోస్తుంటే, అంచంతా నల్లగా మిరియాల పొడి పట్టి ఉంది, లోపల తెల్లటి ముక్క, కత్తి దిగినచోటల్లా నీరు కారుతోంది. నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని "కారం లేదుగానీ ముక్క మాత్రం భలే ఉందిరా" అన్నారు. తర్వాత ఆయనే ఒక పద్ధతి కనిపెట్టారు, వాళ్ళు ఊరికే ఇచ్చే తెల్ల బ్రెడ్డు మీద టర్కీ, పచ్చి ఉల్లిపాయ, ఊరగాయ మిరపకాయ పెట్టి, అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే కారప్పొడి కాస్త చల్లుకుని తినడం. వాళ్ళ బార్బెక్యూ సాస్ మన నోటికి తియ్యగా తగుల్తుంది, అందుకని ఇదే బెస్ట్.

పోర్క్ రిబ్స్ కూడా బాగా చేస్తారు. జాగ్రత్తగా ఉండాల్సింది సాసేజ్ దగ్గర. పైకి చూస్తే ఏ మాంసమో తెలీదు, సెంట్రల్ టెక్సస్‌లో చాలా చోట్ల అది బీఫే, లేదా బీఫ్‌లో కాస్త పంది కలిపింది, కాబట్టి అడక్కుండా తీసుకోవద్దు. ఇంకోటి, కోసే చెక్క ఒకటే, కత్తి ఒకటే. అది పట్టింపు ఉన్నవాళ్ళు ముందే అడిగితే చెక్క తుడిచి వేరే కత్తితో కోసినవాళ్ళూ ఉన్నారు, రష్ లేని టైములో వెళ్తే వింటారు.

అమ్మలాంటి శాకాహారులకి సైడ్సే భోజనం. ఇక్కడ మనవాళ్ళు పొరపడేది బీన్స్ దగ్గర, చూడ్డానికి మన రాజ్మాలా ఉంటుంది, కానీ చాలా కొట్లలో అందులో బేకనో (పంది మాంసం) బ్రిస్కెట్ (బీఫ్ ఛాతీ మాంసం) ముక్కలో వేస్తారు, గ్రీన్ బీన్స్‌లో కూడా అంతే. మాక్ అండ్ చీజ్, క్రీమ్డ్ కార్న్, కోల్‌స్లా, చివర్లో పీచ్ కాబ్లర్, ఇవి అమ్మ ఇష్టంగానే తింది.

ఫ్రాంక్లిన్ బార్బెక్యూ సంగతి అందరూ అడుగుతారు. 2009లో ఒక ట్రైలర్‌లో మొదలైన కొట్టు, ఇప్పుడు ఆస్టిన్‌లోనే ఈస్ట్ 11వ వీధిలో ఉంది, దాన్ని నడిపే ఆరన్ ఫ్రాంక్లిన్‌కి 2015లో జేమ్స్ బియర్డ్ అవార్డు, అంటే అమెరికాలో వంటవాళ్ళకిచ్చే పెద్ద అవార్డు కూడా వచ్చింది. పదకొండింటికి తెరిచే కొట్టు ముందు జనం తెల్లారగానే కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఆ గొప్పతనమంతా బ్రిస్కెట్‌ది, బీఫ్ తినని మనకి, అదీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో, అంతసేపు నిలబడ్డం దండగ అని నా అభిప్రాయం. బీఫ్ తినే ఫ్రెండ్స్‌తో వెళ్తే మాత్రం సరదాగా ఉంటుందట, క్యూలోనే పరిచయాలు అయిపోతాయట.

నాకు అన్నిటికన్నా నచ్చింది లాక్‌హార్ట్. ఆస్టిన్‌కి దక్షిణంగా ముప్పై మైళ్ళు, చిన్న ఊరు, మధ్యలో పాత కోర్టు భవనం, దీన్ని టెక్సస్ బార్బెక్యూ రాజధాని అని శాసనసభ తీర్మానం చేసింది. అక్కడి క్రాయిట్స్ మార్కెట్ అనే బార్బెక్యూ కొట్టు 1900లో పెట్టింది. తర్వాత దాన్ని నడిపిన యజమాని పోయాక భవనం ఆయన కూతురికి, వ్యాపారం కొడుకులకి రావడంతో మాట కుదరక, 1999లో క్రాయిట్స్ పేరు పెద్ద కొత్త షెడ్డుకి వెళ్ళిపోయింది, పాత భవనంలో స్మిట్టీస్ మార్కెట్ మొదలైంది. వెళ్ళేటప్పుడు పాత పొయ్యిలోంచి నిప్పులు ఒక తొట్టిలో వేసుకుని వీధి వెంట లాక్కుంటూ కొత్త పొయ్యికి తీసుకెళ్ళారట, ఇది చెప్తే నాన్న ఎంత ముచ్చటపడ్డారో, పొరుగింటి నుంచి నిప్పు తెచ్చుకోవడం ఆయన చిన్నప్పుడు చూసినదే.

స్మిట్టీస్‌కి వెనక తలుపు నుంచి వెళ్ళండి. పొయ్యిలో పెట్టాల్సిన దుంగలు పొయ్యి బయట, నేల మీదే మండుతుంటాయి, ఆ మంట పక్కనుంచే మనం లైన్లో నడవాలి, పిల్లల చెయ్యి వదలకండి. గోడలు పైకప్పు దాకా మసి పట్టి నల్లగా నిగనిగలాడుతుంటాయి, పొగకి కళ్ళు మండుతాయి, బట్టలకి పట్టిన వాసన రెండో ఉతుకు దాకా పోదు. మాంసం ప్లేట్లో ఇవ్వరు, గోధుమరంగు కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. క్రాయిట్స్‌లో అయితే ఒకప్పుడు సాస్, ఫోర్కు రెండూ ఇచ్చేవాళ్ళు కాదు, చేత్తోనే తినాలి. మనకేం ఇబ్బంది! రెండు చోట్లా మేం తిన్నది పోర్క్ చాప్, మందంగా, అంచున కొవ్వు కరకరలాడుతూ ఉంటుంది. 1932 నాటి బ్లాక్స్ కూడా ఈ ఊళ్ళోనే, టర్కీ, సైడ్స్ కావాలంటే ముందు అక్కడికే వెళ్ళండి, అమ్మకి కూర్చుని తినడానికి అదే సుఖంగా ఉంది.

బస విషయానికొస్తే, ఆస్టిన్ డౌన్‌టౌన్‌లో వీకెండ్ రేట్లు ఎక్కువ, పైగా పార్కింగ్‌కి వేరే వసూలు చేస్తారు. మేం సాన్ మార్కోస్ దగ్గర వంటగది ఉన్న సూట్ తీసుకున్నాం, లాక్‌హార్ట్ అక్కడికి దగ్గరే. రూము హైవే వైపు ఇచ్చారు, రాత్రంతా ట్రక్కుల మోత, అమ్మకి నిద్ర లేదు, ఫ్రంట్ డెస్క్‌లో అడిగితే మార్చడానికి రూముల్లేవు అన్నారు. బుక్ చేసేటప్పుడే వెనకవైపు రూము కావాలని రాయించుకోండి. కానీ ఆ వంటగది వల్ల రాత్రి అన్నం, చారు పెట్టుకున్నాం, మిగిలిన టర్కీ ఫ్రిజ్‌లో దాచి పొద్దున పెనం మీద ఉల్లిపాయ, కరివేపాకుతో వేయించాం, ఆ పొగ రుచికి పోపు తోడయ్యేసరికి మా పెద్దమ్మాయి రెండోసారి వడ్డించుకుంది.

దారిలో రెండు చోట్లు. వేకోకి ముందు వెస్ట్ అనే ఊరు, చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడ్డ ఊరు, హైవే పక్కనే చెక్ స్టాప్ అని రాత్రింబవళ్ళు తెరిచి ఉండే బేకరీ, అక్కడ ఆప్రికాట్, క్రీమ్ చీజ్ కొలాచీలు (చెక్ వాళ్ళ తియ్యటి బన్నులు) వెచ్చగా ఉన్నప్పుడే తినెయ్యాలి. సాసేజ్ పెట్టినవి పక్కనే ఉంటాయి, అడిగి తీసుకోండి. ఇంకోటి టెంపుల్ అనే ఊళ్ళో బకీస్, పెద్ద పెట్రోల్ బంకు, దుకాణం కలిసిన చోటు, తిండి సంగతి ఎలా ఉన్నా అంత శుభ్రమైన రెస్ట్‌రూములు హైవే మీద ఇంకెక్కడా చూడలేదు, పెద్దవాళ్ళతో ప్రయాణమంటే అదే పెద్ద సాయం.

బర్గర్లకి ఆస్టిన్‌లో పి టెర్రీస్. 2005లో మొదలైన లోకల్ చైన్, వాళ్ళ వెజ్జీ బర్గర్ వాళ్ళే తయారు చేస్తారు, రేటు కూడా తక్కువ, అమ్మ తిన్న మొట్టమొదటి అమెరికన్ బర్గర్ అదే. వాటాబర్గర్ 1950లో కార్పస్ క్రిస్టీలో పుట్టింది, ఇక్కడివాళ్ళకి అది ప్రాణం, అర్ధరాత్రి డ్రైవింగ్‌లో ఆకలేస్తే చికెన్ శాండ్‌విచ్, స్పైసీ కెచప్, అంతకుమించి ఏం కావాలి, రాత్రి పదకొండు తర్వాత హనీ బటర్ చికెన్ బిస్కెట్ (ఇక్కడి బిస్కెట్ అంటే మెత్తటి బన్నులాంటిది) కూడా దొరుకుతుంది, మా పిల్లలు దానికోసమే మేలుకుని ఉంటారు. శాకాహారులకి మాత్రం అక్కడ పెద్దగా ఏం లేదు. ఇన్ అండ్ ఔట్ అనే ఇంకో బర్గర్ చైన్‌లో మాంసం లేకుండా గ్రిల్డ్ చీజ్ అడిగితే చేసిస్తారు. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ ఇండియాలో శాకాహారమే, అమెరికాలో మాత్రం అందులో బీఫ్ ఫ్లేవర్ ఉంటుంది, కేసు నడిచి 2002లో కంపెనీ కోటి డాలర్లకి సెటిల్ చేసుకుంది కూడా. ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్ళకి ఇది తప్పకుండా చెప్పండి.

ఇంటి దగ్గరైతే కొప్పెల్‌లో హార్డ్ ఎయిట్ అనే బార్బెక్యూ కొట్టు, గుమ్మం ముందే పొయ్యిలు, కావాల్సిన ముక్క చూపిస్తే తీసి ట్రేలో పెడతారు. వాళ్ళు వాడేది మెస్కీట్ కట్టె, లాక్‌హార్ట్‌లో పోస్ట్ ఓక్, మెస్కీట్ పొగ ఘాటు ఎక్కువ, నాన్నకి ఓక్‌దే నచ్చింది. హైదరాబాద్‌లో బార్బెక్యూ అంటే టేబుల్ మధ్యలో బొగ్గులు, చువ్వలకి గుచ్చిన ముక్కలు, చాలనుకుంటే జెండా దించడం. అది వేడి మీద త్వరగా కాల్చడం, ఇక్కడిది గంటల తరబడి తక్కువ వేడిలో పొగ పెట్టడం, రెండూ వేరే వంటలు, ఒకదాంతో ఒకటి పోల్చి తీసెయ్యడం సరికాదు.

మా పెరట్లో కెటిల్ గ్రిల్‌లో, అంటే మూత ఉండే గుండ్రటి బొగ్గుల పొయ్యిలో, మేం చేసేది రెండిటికీ మధ్యలో ఉంటుంది. పెరుగు, అల్లం వెల్లుల్లి, గుంటూరు కారం పట్టించిన కోడి తొడలు రాత్రంతా నానబెట్టి, బొగ్గులు ఒక పక్కకి నెట్టి, కోడి రెండో పక్క పెట్టి, నిప్పు మీద ఒక ఓక్ చెక్క పడేసి మూత పెట్టడమే. నేరుగా మంట మీద పెడితే పెరుగు మాడిపోతుంది. థర్మామీటర్ 165 ఫారెన్‌హీట్ చూపిస్తే తినొచ్చు, తొడకి ఇంకాస్త ఉంచితే ఎముక దగ్గర మెత్తబడుతుంది.

టెక్సస్‌లోనే బ్రేడీ అనే ఊళ్ళో సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే వీకెండ్‌కి మేక బార్బెక్యూ పోటీలు జరుగుతాయి, మేక అనగానే నాన్న లేచి కూర్చున్నారు. వాళ్ళ తిరుగు టికెట్ ఆ తర్వాతే కాబట్టి వెళ్దామని చూస్తున్నాం, ఎవరైనా వెళ్ళుంటే అక్కడ పెద్దవాళ్ళతో ఉండడానికి ఏ బస బావుంటుందో చెప్పండి.