పందుల లాలాజలం సేకరించే తాడు కిట్: వాడి చూసిన పశువైద్యుడి మాట

గన్నవరంలో పశువైద్యం చదివే రోజుల్లో జబ్బు పరీక్షకు ఒక్క పంది మెడలోంచి రక్తం తీయాలంటే ఒకరు మూతికి ఉచ్చు వేసి పట్టుకోవాలి, మరొకరు సూది గుచ్చాలి. దాని అరుపులకు మిగతావన్నీ మూలకు చేరేవి. మనుషుల కంటే పందులే ఎక్కువగా ఉండే అమెరికా రాష్ట్రం అయోవాలో ఇప్పుడు ఆ పనిలో చాలా భాగాన్ని ఒక నూలు తాడుతో ఒంటరిగానే చేసుకుంటున్నాను.

కిట్‌లో తాడు, ప్లాస్టిక్ సంచి, మూత ఉన్న గొట్టం ఉంటాయి. నోటికందినదాన్నల్లా నమిలి చూడటం పంది స్వభావం కాబట్టి, పాతిక పందులున్న గదిలో తాడును వాటి భుజాల ఎత్తున వేలాడదీసి, 20 నుంచి 30 నిమిషాలు ఆగితే చాలు. తడిసిన కొసను సంచిలో పెట్టి, బట్ట పిండినట్టు పిండి, సంచి మూల కత్తిరించి ద్రవాన్ని గొట్టంలోకి వంచి, వెంటనే ఐసు పెట్టెలో ఉంచాలి. ఉదయం పూట పందులు హుషారుగా ఉంటాయి. తాడును ఎన్నడూ చూడనివి మాత్రం మొదటిరోజు అనుమానంగా వాసన చూసి వదిలేస్తాయి.

ఇలా వచ్చేది ఉత్త లాలాజలం కాదు. చిగుళ్ల సందుల్లోంచి ఊరే ద్రవం కూడా కలిసి, రక్తంలోని ప్రతిరక్షకాలను వెంట తెస్తుంది; అందువల్ల ఒకే నమూనాలో పీసీఆర్ పరీక్షతో వైరస్‌ను, ఎలైసా పరీక్షతో ప్రతిరక్షకాలను వెతకవచ్చు. ఆడపందులకు గర్భస్రావాలు, పంది పిల్లలకు శ్వాస ఇబ్బందులు కలిగించే పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్‌ను ఈ పద్ధతిలో గుర్తించవచ్చని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించారు. స్వైన్ ఫ్లూ, సర్కోవైరస్ అనే మరో పందుల వైరస్‌ల నిఘాకు కూడా నేను దీన్నే వాడుతున్నాను.

అయితే ఫలితం గదిది, పందిది కాదు. పాతికలో ఏది జబ్బుపడిందో తాడు చెప్పదు. పైగా జ్వరంతో మూలన పడుకున్న పంది, అంటే మనకు అన్నిటికంటే ముఖ్యమైనది, తాడు దగ్గరికే రాదు. వైరస్ జన్యుక్రమం కావాలన్నా నమూనాలో వైరస్ పలచగా ఉండి తరచు ఇబ్బంది పెడుతుంది. 2020లో అస్సాంలో పందులను చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడ్డాక స్వదేశంలోని మిత్రులు ఈ తాడు గురించి అడుగుతున్నారు. మంద నిఘాకు ఇది పనికొస్తుంది గానీ, పందులు చనిపోతున్నప్పుడు తాడు కట్టి కూర్చోకుండా రక్తం తీయించి పంపమనే వారికి చెబుతాను.

కిట్‌లో నాకు నచ్చనిది తాడే. అది మరీ పొట్టిగా ఉండటంతో ఒక గదిలో పెద్ద పందులు లాగి తెంపేశాయి, మేత కలిసిన బురద నీరు తప్ప నాకేమీ మిగల్లేదు. శుద్ధమైన నూలుతో పేనిన, వేలు మందం తాడు హార్డ్‌వేర్ దుకాణంలో చుట్టలుగా దొరుకుతుంది, నైలాన్‌ది మాత్రం కొనకూడదు. ఈసారి నేను సంచులు, గొట్టాలు మాత్రమే తెప్పించుకున్నాను.