పద్మిని వెనుక యాక్సిళ్లు: ఐదేళ్లు, మరమ్మతు చేయించిన 31 వేల కిలోమీటర్ల తర్వాత

మా ప్రీమియర్ పద్మిని కారు 1986 నాటిది. నాన్న తర్వాత నా చేతికి వచ్చింది, వెనుక నుంచి వినిపించే హోరుతో సహా. వేగం నలభై దాటితే మొదలయ్యేది. కుడికి మలుపు తిప్పితే పెరిగేది, ఎడమకు తిప్పితే తగ్గేది. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది కాబట్టి జబ్బు ఎడమ బేరింగుదే.

వరంగల్‌లో ఒక షెడ్డులో బేరింగు మార్పించాను. పాతది పుల్లర్ (బేరింగును లాగే పనిముట్టు) అవసరం లేకుండా చేత్తోనే జారి వచ్చింది. నాకు అనుమానం రావలసింది అక్కడే. బేరింగు లోపలి రింగు ఏళ్ల తరబడి యాక్సిల్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) మీద జారుతూ, తాను కూర్చునే చోటునే అరగదీసింది. మెకానిక్ ఆ చోట చుట్టూ సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉక్కు కడ్డీ) చుక్కలు కొట్టి, ఉబ్బిన లోహం మీద కొత్త బేరింగు ఎక్కించాడు. బేరింగును కదలకుండా పట్టే ఉక్కు కట్టు, అంటే కాలర్, జారకుండా రెండుచోట్ల వెల్డింగు కూడా పెట్టాడు. హోరు పోయింది. నేనూ సంతోషించాను.

2020 ఫిబ్రవరిలో మేడారం జాతర నుంచి తిరిగి వస్తున్నాం. వెనుక సీట్లో ఎడమవైపు అత్తయ్య, ఒళ్లో బంగారం (అదే, అమ్మవార్ల బెల్లం). ములుగు దాటాక బ్రేకు దగ్గర గరగర. దిగి చూస్తే ఎడమ చక్రం డ్రమ్ముతో సహా రెండు వేళ్ల మందం బయటికి వచ్చి ఉంది. ఈ బండిలో చక్రం యాక్సిల్‌కే బిగించి ఉంటుంది. యాక్సిల్ బయటికి రాకుండా పట్టుకునేది బేరింగు, దాని వెనుక కాలర్, అంతే. కాలర్ వదిలేస్తే యాక్సిల్, చక్రం కలిసే బయటికి వస్తాయి.

లాక్‌డౌన్ అంతా బండి ఇంటి ముందే నిలబడింది. అక్టోబరులో రెండు యాక్సిళ్లూ తీయించాను. ఎడమదానికి రంగు ద్రవం పూసి చూస్తే వెల్డింగు చుక్క దగ్గర సన్నని చీలిక కనిపించింది. గట్టిపరచిన ఉక్కును అలా ఒక్కచోట కాల్చితే ఆ పక్కనే పెళుసుబారుతుంది. దాన్ని పక్కన పడేసి, పాత సామాన్ల దుకాణంలో మరొకటి కొన్నాను. కొనే ముందు లేత్ మీద తిప్పించి వంపు లేదని చూశాను, యాక్సిల్ చివరి పళ్ల అంచులు గోటితో తడిమాను. కుడిది మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే అందులో ఆరు భాగాలు అరిగింది. దాన్ని హైదరాబాద్ బాలానగర్‌లో హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) వేయించి గ్రైండింగ్ చేయించాను.

బిగింపులో నేను పట్టుబట్టినవి కొన్ని ఉన్నాయి. యాక్సిల్ కొలత బేరింగు రంధ్రం కంటే మిల్లీమీటరులో వందో వంతులు ఒకటి, రెండు ఎక్కువ ఉండాలి. బేరింగు నంబరులో చివరి రెండు అంకెలు 04 లేదా ఆపైన ఉంటే, వాటిని 5తో గుణిస్తే ఆ రంధ్రం కొలత వస్తుంది. 6206 అయితే 30 మిల్లీమీటర్లు. ప్రెస్సు పైపు లోపలి రింగు మీదే ఆనాలి. బయటి రింగును నొక్కితే ఆ దెబ్బ గోళీల మీద పడి, అవి దొర్లే దారిలో గుంతలు పడతాయి. అప్పుడు కొత్త బేరింగు మొదటి రోజు నుంచే హోరుమంటుంది. కాలర్ కొత్తదే వాడాలి, వేడి చేసి తొడగాలి, చల్లారాక అదే బిగుసుకుంటుంది. వెల్డింగు మాట ఎత్తనివ్వలేదు. లేత్ పనివాడు నవ్వి, "సార్, ఈ ముక్క ముందే చెబితే ఒక యాక్సిల్ మిగిలేది కదా" అన్నాడు.

ఇప్పటికి కుడివైపు నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. క్రోమ్ ఖర్చు అప్పుడు ఎక్కువనిపించింది, ఇప్పుడు అనిపించడం లేదు. ఎడమవైపు మాత్రం 14 వేల కిలోమీటర్ల దగ్గర విసిగించింది. గేర్ ఆయిల్, దాన్ని లోపలే ఆపే సీలు దాటి బ్రేకు షూల మీదికి వచ్చింది, బ్రేకు తొక్కితే బండి కుడికి లాగేది. సెకండ్ హ్యాండ్ యాక్సిల్‌ను తిట్టుకుంటూ రెండుసార్లు సీలు మార్చాను. అసలు దోషి యాక్సిల్ గొట్టం మీద గాలి పోయే చిన్న రంధ్రం. రేగడి మట్టి గట్టిపడి మూసుకుపోయింది. లోపల నూనె వేడెక్కితే పెరిగిన గాలికి దారి లేక సీలునే తోస్తోంది. తీగతో పొడిచి శుభ్రం చేశాను. పైసా ఖర్చు లేదు, మళ్లీ చుక్క కారలేదు.

ఇప్పుడు డెబ్బై మీద కూడా వెనుక నుంచి చప్పుడు లేదు. అత్తయ్య మాత్రం ఇప్పటికీ ఎడమవైపు కూర్చోదు.