పెరటి కొలనుకి వల కొన్నాం, పనికిరాలేదు. ఇనుప గ్రిల్ వేయించాక పది నెలల అనుభవం

మాది రాజమహేంద్రవరం. ఇంటి పక్కన కాస్త ఖాళీ జాగా ఉంటే ఆరేళ్ల క్రితం మావారు ముచ్చటపడి చిన్న కొలను కట్టించారు. ఎనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. కడియపులంక నర్సరీ నుంచి కలువ దుంపలు తెచ్చి వేశాం, దోమలు రాకుండా గప్పీ చేపలు వదిలాం. ఇంట్లో మేమిద్దరమే ఉన్నన్నాళ్లూ దాని గురించి భయమన్నదే లేదు. గత సంక్రాంతికి రెండేళ్ల పాపని తీసుకుని వస్తున్నామని మెల్‌బోర్న్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, టికెట్ల సంగతి కంటే ముందు అడిగిన మాట "అమ్మా, ఆ కొలనుకి ఏమైనా ఏర్పాటు చేశారా?" అనే. అక్కడ ఇంట్లో ఈత కొలను ఉంటే చుట్టూ కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె, వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడే గేటు ఉండి తీరాలని చట్టమట. మన ఇళ్లకి వచ్చి అడిగేవాళ్లు ఎవరూ లేరు, మనమే చూసుకోవాలి.

చుట్టూ అడుగున్నర పిట్టగోడ ఉంది కదా, చాలదా అన్నారు మావారు. చాలదండీ. ఆ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. చేపల్ని చూద్దామని గోడ మీద పొట్ట ఆనించి వంగారంటే తలకిందులుగా లోపలికి వెళ్లిపోతారు, మళ్లీ లేవడం వాళ్ల వల్ల కాదు. అసలు మునగడానికి అంత లోతు కూడా అక్కర్లేదు, ముక్కూ నోరూ మునిగేన్ని నీళ్లు, రెండు మూడు అంగుళాలు చాలు. కేకలు వినిపిస్తాయిలే, పరిగెత్తుకెళ్తాం అనుకుంటాం గానీ చాలాసార్లు చప్పుడే ఉండదు. పొయ్యి మీద పాలు చూసి వచ్చేలోపు అంతా అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు దాదాపు 3 లక్షల మంది, వాళ్లలో ఇంచుమించు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలేనని చదివాక నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ముందు ఆన్‌లైన్‌లో వల కొన్నాం. 1,150 రూపాయలు. పచ్చ నైలాన్ వల, చుట్టూ నేలలో గుచ్చడానికి ప్లాస్టిక్ మేకులు, ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో పిల్లలకి భద్రం అని. మాకు గోడ ఉంది కాబట్టి మేకులు పనికిరావు, అంచుల్ని వైరుతో బిగించి ఇటుకలు పెట్టాం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ నాకెందుకో నమ్మకం కుదరక పది కిలోల బియ్యం సంచిని రెండు ప్లాస్టిక్ కవర్లలో మూటగట్టి వల మధ్యలో పెట్టి చూశాం. మా పాప బరువు అంతకంటే ఓ కిలో ఎక్కువే. పెట్టిన మరుక్షణం వల సాగి కిందికి జారింది, ఒకవైపు ఇటుకలు దొర్లిపోయాయి, సంచి నీళ్లలోకి దిగిపోయి దాని చుట్టూ వల చుట్టుకుపోయింది. పైకి లాగడానికి ఇద్దరం పట్టాల్సొచ్చింది, వల మడతలు విడదీయడానికే రెండు నిమిషాలు పట్టింది. ఆ సంచి స్థానంలో బిడ్డని ఊహించుకున్నాక నా కాళ్లూ చేతులూ ఆడలేదు. వల లేకపోతేనే నయం, కనీసం చటుక్కున చెయ్యి పట్టుకుని లాగొచ్చు. ఆకులు పడకుండా, లకుముకి పిట్టలు చేపల్ని ఎత్తుకుపోకుండా ఆ వల పనికొస్తుంది, అంతవరకే. పిల్లలకి భద్రం అని రాసి అమ్మడం చాలా తప్పు. దానికి నేనిచ్చేది ఒక్క స్టారు, అది కూడా చేపల కోసం.

తర్వాత కొలను మీద మూతలా ఇనుప గ్రిల్ వేయిద్దామని మా వీధి చివర వెల్డింగ్ షాపు అబ్బాయిని పిలిచాం. వచ్చి కొలతలు తీసుకుని, "అమ్మగారూ, ఐదంగుళాల సందు పెట్టుకుంటే రాడ్డు తక్కువ పడుద్ది, మీకు రెండు మూడు వేలు మిగులుతాయి" అన్నాడు. ఐదంగుళాల సందులో పిల్లల కాలు తొడ దాకా దిగిపోతుంది బాబూ, మూడంగుళాలు దాటకూడదు అన్నాను. బ్రిటన్‌లో ప్రమాదాల నివారణ కోసం పనిచేసే రాస్పా అనే సంస్థ కూడా ఇదే చెబుతుంది, గడి 80 మిల్లీమీటర్లు మించకూడదు, పిల్లల బరువుకి వంగకూడదు, ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి అని. మూడంగుళాలంటే 76 మిల్లీమీటర్లు, సరిపోయింది. "మా ఇంట్లోనూ బుడ్డోడున్నాడండి" అని ఆ అబ్బాయి మళ్లీ వాదించలేదు.

చుట్టూ ఎల్ యాంగిల్ ఫ్రేము, అడ్డం నిలువూ 8 ఎంఎం రాడ్లు, నాలుగడుగుల చొప్పున రెండు ముక్కలు. ఒకటి పిట్టగోడ లోపలివైపు, పై అంచుకి కాస్త దిగువన యాంకర్ బోల్టులతో బిగించేశారు, రెండోదానికి కీళ్లు, గొళ్ళెం, తాళం. మొత్తం 68 కిలోలు వచ్చింది, కిలో 140 చొప్పున 9,520, రెడ్ ఆక్సైడ్, పెయింటు, బిగింపు కలిపి మరో 2,300. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే దాదాపు మూడింతలు చెప్పాడు, మా వల్ల కాలేదు. బిగించిన రోజు పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టి చూశాం, తర్వాత మావారే ఎక్కి నిలబడ్డారు. కదల్లేదు.

లోపాలు కూడా చెప్పాలి. నాలుగు రోజుల్లో ఇస్తానని తొమ్మిది రోజులు తిప్పాడు. రాడ్ల చివర్లు, వెల్డింగ్ ముద్దలు అక్కడక్కడా గరుకుగా వదిలేశాడు. పాత వాయిల్ చీర ముక్క తీసుకుని ప్రతి రాడ్డు మీదా, అడుగువైపు కూడా రాశాను, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి అన్నీ గ్రైండింగ్ చేయించాను, మొత్తం పద్నాలుగు చోట్ల. మీరు చేయించుకుంటే పెయింటు వెయ్యకముందే ఈ పని చేసుకోండి. రెండు ముక్కలు చేయించడం మా పొరపాటు, ఒక్కోటి 34 కిలోలు, అరవై దాటిన మేము లేపలేకపోతున్నాం, ఆకులు తీయాలంటే ఎవరినో పిలవాలి. మూడు ముక్కలు చేయించాల్సింది. లేపినప్పుడు వెనక్కి పడి వేళ్లు నలక్కుండా గోడకి ఒక కొక్కెం కూడా ముందే పెట్టించుకోండి, మేం తర్వాత పెట్టించాం.

అన్నిటికంటే ముఖ్యమైనది జూలైలో తెలిసింది. ఒక రాత్రంతా వాన కొడితే తెల్లారేసరికి నీళ్లు గ్రిల్ మీదికి వచ్చేశాయి. నాలుగంగుళాల నీళ్ల కింద గ్రిల్ ఉంటే ఏం లాభం? పిల్లలు దాని మీద బోర్లా పడినా ప్రమాదమే. వెంటనే గోడ పై అంచు నుంచి ఆరంగుళాల కింద, గ్రిల్‌కి దిగువన రెండంగుళాల పీవీసీ పైపు పెట్టించి నీళ్లు కాలువలోకి పోయేలా చేశాం, చేపలు కొట్టుకుపోకుండా పైపు మూతికి జాలీ. ఆ తర్వాత ఎంత వాన పడినా నీళ్లు పైకి రాలేదు.

కలువలకి ఏమీ కాలేదు, మొగ్గలు గడుల్లోంచి పైకొచ్చి విచ్చుకుంటున్నాయి, నిజానికి ఇంకా అందంగా ఉంది. తామర వేసుకున్నవాళ్లకి మాత్రం ఇది కుదరదు, ఆ ఆకులు నీటిపైకి లేచి విప్పుకుంటాయి, మూడంగుళాల గడిలో పట్టవు. వానాకాలం తర్వాత అతుకుల దగ్గర తుప్పు కనిపిస్తే గీకి మళ్లీ రంగు వేశాం. గ్రిల్‌కి నాలుగు స్టార్లు.

గ్రిల్ వేశాక ఇంటి చుట్టూ ఇంకోసారి చూడండి. మాకు సంపు మూత వదులుగా ఉందని అప్పుడే గమనించాం, బాత్‌రూమ్‌లో నిండు బకెట్లు వదిలేసే అలవాటు ఆ రోజు నుంచే మానేశాం. పాప ఉన్న ఇరవై రోజులూ గ్రిల్ ఉంది కదా అని ఒక్క పూట కూడా తనని అటువైపు ఒంటరిగా వదల్లేదు.

మా అమ్మాయి దిండు మీద చేసి చూపించింది కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. నీళ్లలోంచి తీసిన బిడ్డని తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మనవైపు ఇంకా చేస్తున్నారు, దయచేసి చేయకండి, ఉన్న కాస్త సమయం పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊదాలి, ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదుతూ ఆపకుండా చేయాలి, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి.

వచ్చే సంక్రాంతికి పాప మళ్లీ వస్తోంది. మూడేళ్లు నిండుతాయి, గొళ్ళెం తీయడం వచ్చేసిందట. తాళంచెవి ఇప్పటిదాకా తలుపు వెనక మేకుకి తగిలించేవాళ్లం, నిన్ననే తీసి బీరువాలో పెట్టాను.