జాన్ సీనానా, డేనియల్ బ్రయానా: రింగులో అసలు హీరో ఎవరు?

అనంతపురంలో మా ఇంట్లో డబ్ల్యూడబ్ల్యూఈ (టీవీలో వచ్చే అమెరికా కంపెనీ కుస్తీ షో) రెజ్లింగ్ మాట వస్తే చాలు, మా అన్నకూ నాకూ ఇదే వాదన. అన్నకు సీనా కావాలి, నాకు బ్రయాన్.

సీనా వెనక్కి తగ్గడు. "నెవర్ గివ్ అప్" అన్నది ఆయన నినాదం. పిల్లలకు ఇట్టే నచ్చుతాడు. బయట కూడా, జబ్బుపడ్డ పిల్లల కోరికలు తీర్చే మేక్ ఎ విష్ సంస్థ ద్వారా 650 మందికి పైగా పిల్లల కోరిక తీర్చాడు, అందుకు ఆయనంటే నాకూ గౌరవమే. కానీ ఎంత కొట్టినా ఆఖర్లో లేస్తాడని ముందే తెలిస్తే టెన్షన్ ఎక్కడుంటుంది?

బ్రయాన్ పొట్టిగా ఉంటాడు. ముందే రాసుకుని ఆడే ఆ షో కథలో కంపెనీ పెద్దలే అతన్ని 'బి ప్లస్' ఆటగాడని తీసిపారేశారు. 2014లో కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద షో రెజిల్‌మేనియా 30లో ముందు ఆ పెద్దల్లో ఒకడైన ట్రిపుల్ హెచ్‌ను ఓడించాడు. ఓడిన ట్రిపుల్ హెచ్ కుర్చీతో అతని భుజం మీద బాదాడు. అదే భుజంతో, అదే రాత్రి, ఆర్టన్, బాటిస్టా అనే ఇద్దరు రెజ్లర్లతో ఒకేసారి తలపడి, బాటిస్టాను లొంగదీసి టైటిల్ గెలిచాడు. మా వైపు బండలాగుడు పోటీల్లోనూ అంతే. మోకాళ్ల మీద పడ్డ ఎద్దులు మళ్లీ లేచి లాగితేనే జనం ఈలలు ఆగవు.

ఓడిపోయే భయం ఉన్నవాడే నాకు హీరో. 2013లో సమ్మర్‌స్లామ్ అనే మరో పెద్ద షోలో సీనా ఏ మోసమూ లేకుండా బ్రయాన్ చేతిలో ఓడాడు. సీనా నాకు బాగా నచ్చింది ఆ రోజే.